నొప్పి తగ్గిన పన్ను

హైదరాబాద్ పాతబస్తీ గౌలిపురలో ఎవరైనా దవడ పట్టుకుని అరుగు మీద కూర్చుంటే చాలు, దారిన పోయే ప్రతి మనిషీ ఒక మందు చెప్పి పోతాడు. లవంగం నలిపి ఆ పంటి కింద పెట్టుకోమని ఒకరు. చిటికెడు ఇంగువ దూదిలో చుట్టి తొర్రలో కుక్కమని ఇంకొకరు. జిందా తిలిస్మాత్ రెండు చుక్కలు పడితే చాలని ఎదురింటి పెద్దమనిషి, జర్దా దవడన పెట్టుకుంటే తెల్లారేసరికి హాయి అని ఆటో నడిపే అన్న. రాళ్ళ ఉప్పు వేయించి మూటగట్టి చెంపకు కాపడం పెట్టాలంటుంది అమ్మమ్మ. జిల్లేడు పాలు ఒక్క బొట్టు వేస్తే పురుగు చచ్చి పన్ను తనంతట తానే రాలిపోతుందని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కుడివైపు పన్ను నొస్తే ఎడమ చెవిలో ఆకు పసరు పోసేవాళ్ళూ ఉన్నారు. ఇవేవీ నచ్చని కుర్రాడు మెడికల్ షాపుకు పోయి నొప్పిగోలీ ఒకటి, దానికి తోడు యాంటీబయాటిక్ రెండు తెచ్చుకుంటాడు.

వీళ్ళలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక సాక్ష్యం ఉంటుంది: మా చిన్నాయనకు ఇట్లనే తగ్గింది, మా వదినకు ఒక్క పూటలో పోయింది. నిజంగానే తగ్గి ఉంటుంది. పిప్పిపన్ను నొప్పి ఏ మందూ వేయకపోయినా చాలాసార్లు కొన్నాళ్ళకు ఆగిపోతుంది. నొప్పి చెప్పవలసిన నరం చచ్చిపోతే ఇక చెప్పేదెవరు? పంటినొప్పికి ఇన్ని వందల మందులు పుట్టడానికి, అన్నింటికీ మంచి పేరు రావడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. అదెలాగో తెలియాలంటే పంటి లోపలికి వెళ్ళాలి.

పంటి పైన కనిపించే తెల్లటి పింగాణి పొర మన ఒంట్లోకెల్లా గట్టి పదార్థం. దానికి నరాలు లేవు, అందుకే అక్కడ గుంట పడినా తెలియదు. దాని కింద డెంటిన్, పసుపు రంగు పొర. సన్నటి గొట్టాలు లక్షల్లో ఉంటాయి అందులో. గుంట అక్కడికి చేరితే చల్లనీళ్ళకు, తీపికి జివ్వుమంటుంది. జివ్వుమని వెంటనే పోతే పన్ను ఇంకా బాగుపడే దశలోనే ఉన్నట్టు. డెంటిన్‌కు లోపల, పంటి నడిబొడ్డున, రక్తనాళాలు, నరాలు ఉన్న మెత్తటి గుజ్జు ఉంటుంది. క్రిములు దాని దాకా వస్తే గుజ్జు వాస్తుంది. ఒంట్లో ఎక్కడైనా వాపు వస్తే చర్మం సాగి చోటిస్తుంది. ఇక్కడ చుట్టూ గోడ. వాచిన వేలికి బిగుసుకున్న ఉంగరం ఎట్లా నొక్కుతుందో, ఆ గోడ గుజ్జును అన్నివైపులా అట్లా నొక్కుతుంది. పడుకుంటే తలకు రక్తపు ఒత్తిడి పెరిగి పోటు ఎక్కువవుతుంది. పన్ను నొప్పి రాత్రిపూటే ఎక్కువని మన పెద్దవాళ్ళు అనేది అక్షరాలా నిజం.

ఇంకో చిత్రం ఏమిటంటే, ఆ గుజ్జులోని నరాలకు నొప్పి చెప్పడం వచ్చు గానీ చోటు చెప్పడం సరిగా రాదు. పై పన్ను నొస్తుంటే కింది పన్నని, పన్ను నొస్తుంటే చెవి అని అనిపిస్తుంది. దవడకూ చెవి ముందు భాగానికీ స్పర్శ తెచ్చేది ఒకే నరం కొమ్మ. చెవిలో పసరు పోసే అలవాటు ఇక్కడినుంచే పుట్టి ఉండాలి. చెవికి, పంటికి సంబంధం ఉందని మనవాళ్ళు సరిగ్గానే గమనించారు. అయితే చెవిలో పోసింది పంటికి చేరే దారి లేదు. కర్ణభేరికి చిల్లు ఉంటే మాత్రం ఆ పసరు తిన్నగా మధ్యచెవిలోకి పోయి కొత్త రోగం తెస్తుంది.

ఇట్లా రెండు మూడు రాత్రులు, ఒక్కోసారి వారం, మనిషిని నిద్రపోనివ్వకుండా ఏడిపించి, ఒత్తిడికి రక్తం అందక ఆ గుజ్జు చచ్చిపోతుంది. నొప్పి ఆగిపోతుంది. ఆ ఆగిపోయిన పూట ఏ మందు వాడుతున్నారో ఆ మందుకు పేరొస్తుంది. లవంగం వాడుతుంటే లవంగానికి, తాయెత్తు కడితే తాయెత్తుకు. లోపల మాత్రం చచ్చిన గుజ్జులో క్రిములు పెరుగుతూ, వేరు కొస దాటి దవడ ఎముకలోకి దిగుతుంటాయి. నెలలకో ఏళ్ళకో చిగురు మీద చీముగుల్ల లేస్తుంది, లేదా చెంప ఉబ్బుతుంది. అప్పుడు అది కొత్త జబ్బు. పాత మందు పేరు చెడదు.

మన ఊళ్ళోనే దీనికి ఇంకో ఉదాహరణ ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద దుహాయి, అంటే ఆన, చెప్తే పాము విషం దిగుతుందని హైదరాబాద్ అంతా నమ్మేది. 1911లో ఆయన పోయాక మక్కా మసీదు ఆవరణలోని సమాధి దగ్గరికి కూడా పాము కరిచినవాళ్ళు వచ్చేవారని చెప్తారు. మన దగ్గర తిరిగే పాముల్లో ఎక్కువ వాటికి విషం లేదు. విషమున్నవి కూడా కొన్నిసార్లు విషం వదలకుండా కరిచి పోతాయి. బతికినవాళ్ళు జీవితాంతం ఆ కథ చెప్పారు, చనిపోయినవాళ్ళు చెప్పలేదు. ప్రజలంటే ఆ నిజాముకు ఉన్న ప్రేమ నిజం, ప్రజలకు ఆయన మీద ఉన్న నమ్మకమూ నిజం. విషం సంగతి వేరు.

ఇక పురుగు. పన్ను తొర్రలో పురుగుంటుందనే నమ్మకం మన ఒక్కరిదే అనుకుంటే పొరపాటు. వేల ఏళ్ళ కిందటి బాబిలోనియా మట్టిపలకల మీద పంటిపురుగు గురించిన మంత్రం దొరికింది. సుశ్రుతుడు దంతరోగాల్లో క్రిమిదంతాన్ని చేర్చాడు. తెలుగునాట పంటిపురుగును తీసే పద్ధతి ఇట్లా ఉంటుంది: ఎండిన నేలవాకుడు కాయల గింజలను నూనెలోనో నేతిలోనో తడిపి, ఎర్రగా కాల్చిన ఇనుప ముక్క మీదో నిప్పుల మీదో వేస్తారు. దాని మీద చిన్న గురిగి బోర్లించి, గురిగికి ఉన్న చిల్లులో గొట్టం పెట్టి, పొగను నోట్లోకి పట్టిస్తారు. రోగి పొగ పీల్చి, చొల్లు కార్చి, ముందున్న నీళ్ళ గిన్నెలో ఉమ్ముతాడు. నీళ్ళలో సన్నగా, తెల్లగా, వంకర తిరిగిన పోగులు తేలుతాయి. అవిగో పురుగులు! చుట్టూ చేరినవాళ్ళంతా కళ్ళారా చూస్తారు.

చూసింది నిజమే. వాకుడు గింజను మామూలు భూతద్దం కింద కోసి చూస్తే లోపల ఉన్న మొలక వంపు తిరిగి, పురుగు ఆకారంలోనే ఉంటుంది. వంకాయ, మిరప, ఉమ్మెత్త, వాకుడు, అన్నీ ఒకే కుటుంబం. ఆ కుటుంబంలో గింజ లోపలి మొలక అట్లా వంగి ఉండటం మామూలు. వేడికి గింజ పగిలితే ఆ తెల్లటి మొలక బయటపడుతుంది. రోగి నోరు లేకుండా, వట్టి గిన్నె మీద ఆ పొగ పట్టి చూస్తే సంగతి తేలిపోతుంది. ఐరోపాలో ఇదే పనికి ఇదే కుటుంబంలోని ఖురాసానీ వాము గింజలు వాడేవారు. ఇంగ్లండ్‌లో జాన్ జెరార్డ్ 1597లో అచ్చేసిన మూలికల గ్రంథంలో ఈ మోసం బయటపెట్టాడు. కొందరు గడుసువాళ్ళు వీణలాంటి వాద్యం తీగముక్కలను నీళ్ళలో జారవిడిచి, అవే నోట్లోంచి పడిన పురుగులని నమ్మించేవారని రాశాడు. మన బస్తీల్లో పంటి పురుగు, కంటి పురుగు తీస్తామని తిరిగేవాళ్ళు గోటి సందునో దూదిలోనో దాచుకునేది కూడా ఇటువంటి సరుకే.

1728లో పారిస్ దంతవైద్యుడు పియర్ ఫోషార్ పంటిపురుగు కోసం ఎంత వెతికినా తనకు కనబడలేదని రాశాడు. పురుగు లేకపోతే మరి తొర్ర ఎట్లా పడుతుంది? ఆ జవాబు బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ విల్లోబీ మిల్లర్ దగ్గర దొరికింది. ఆయన ప్రయోగం వంటింట్లో అర్థమయ్యేంత తేలిక. పీకిన పళ్ళను లాలాజలంలో రొట్టెముక్కతో కలిపి, ఒంటి వేడిలో ఉంచాడు. పళ్ళు మెత్తబడ్డాయి. రొట్టె బదులు మాంసం వేస్తే మెత్తబడలేదు. లాలాజలాన్ని ముందే మరిగిస్తే కూడా మెత్తబడలేదు. అంటే లాలాజలంలో ఉన్న బతికున్నదేదో, పిండిపదార్థాన్ని, చక్కెరను పులియబెట్టి ఆమ్లం చేస్తున్నది, ఆ ఆమ్లం పన్నును కరిగిస్తున్నది. 1890లో ఆయన పుస్తకం వచ్చింది. 1924లో లండన్‌లో కిలియన్ క్లార్క్ పిప్పిపళ్ళలోంచి ఒక బాక్టీరియాను వేరుచేసి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అని పేరు పెట్టాడు. కాబట్టి పంటిలో ప్రాణమున్నది ఏదో ఉందన్న పాత ఊహ వట్టిది కాదు. పొగకు రాలిపడేంత పెద్దది మాత్రం కాదది.

నోట్లో పీహెచ్ దాదాపు 5.5 కంటే దిగితే పింగాణి కరగడం మొదలవుతుంది. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పళ్ళ మీది పాచిలో అంతకంటే కిందికి దిగుతుంది. మళ్ళీ మామూలు కావడానికి అరగంట, ఒక్కోసారి గంట. లాలాజలంలోని కాల్షియం ఆ విరామంలో కరిగినదాన్ని కొంత పూడుస్తుంది. పాతబస్తీ జీవితానికి ఈ లెక్క చాలా ముఖ్యం. పెళ్ళిలో ఒక్క పూట డబుల్ కా మీఠా కడుపునిండా తిన్నవాడి పళ్ళకంటే, పొద్దున్నుంచి రాత్రి దాకా గంటకో ఇరానీ చాయ్, దానితో ఒక ఉస్మానియా బిస్కెట్ తీసుకునేవాడి పళ్ళు ఎక్కువ నష్టపోతాయి. పూడ్చుకునే విరామం వాటికి దొరకదు.

ఇప్పుడు మందుల సంగతి ఒక్కొక్కటిగా చూద్దాం. లవంగాన్ని నేను తేలిగ్గా తీసేయను. లవంగనూనెలో ఎక్కువ భాగం యూజినాల్ అనే పదార్థం. అది నరాల కొసలను కొంతసేపు మొద్దుబారుస్తుంది. డెంటిస్టులే యూజినాల్‌ను జింక్ ఆక్సైడ్ పొడితో కలిపి తాత్కాలికంగా పన్ను పూడ్చడానికి వాడతారు. ఆసుపత్రి తలుపు తెరిచే దాకా ఒక లవంగం దవడన పెట్టుకుంటే తప్పేమీ లేదు. అయితే సీసాలో దొరికే చిక్కటి లవంగనూనె చిగురు మీద పోస్తే కాలుతుంది, చిన్నపిల్లలు మింగితే కాలేయం దెబ్బతింటుంది. జిందా తిలిస్మాత్ మన ఊరి బిడ్డ. 1920లో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టింది, అంబర్‌పేట కార్ఖానాలో తయారవుతుంది. ఫారూఖీ మంజన్ కూడా వాళ్ళదే. నీలగిరి తైలం, కర్పూరం, మెంథాల్, వాము పువ్వు అందులో ముఖ్యమైనవి. మెంథాల్ చల్లదనాన్ని గుర్తుపట్టే నరాలను లేపుతుంది, ఆ చల్లదనంలో నొప్పి కాసేపు వెనక్కి పోతుంది. తొర్ర అట్లాగే ఉంటుంది. ఉపశమనానికీ వైద్యానికీ ఉన్న ఈ తేడా తెలిసి వాడుకునేవాళ్ళతో నాకు పేచీ లేదు.

పేచీ ఉన్నది కాల్చే మందులతో. జిల్లేడు పాలు, నల్లజీడి రసం, దంచిన పచ్చి వెల్లుల్లి, నలిపి చిగురు మీద పెట్టే యాస్పిరిన్ గోలీ, ఇవన్నీ మెత్తటి కండను కాలుస్తాయి. యాస్పిరిన్ పెట్టిన చోట చర్మం తెల్లగా పొరలా లేచిపోతుంది. మింగితే పనిచేసే గోలీ, చిగురు మీద పెడితే పుండు చేస్తుంది. కొత్త మంట పాత నొప్పిని కప్పేస్తుంది గనుక మందు పనిచేసినట్టే తోస్తుంది. జర్దా, గుట్కా సంగతి ఇంతకంటే కష్టం. నొప్పికని పెట్టుకున్న చిటికెడు, నొప్పి పోయాక కూడా దవడను వదలదు. పొగాకుతో చేసిన పళ్ళపొడులు, పేస్టులు మన దేశంలో 1992లోనే నిషేధించారు. పొట్లంలోని జర్దాను పంటికి రాసుకోవడం ఏ చట్టమూ ఆపలేదు. వక్క, గుట్కా ఏళ్ళ తరబడి నమిలినవాళ్ళకు చెంప లోపల గట్టిపడి నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోదు. ఆ నోట్లో పన్ను పీకడం డాక్టరుకూ గండమే.

ఉప్పుమూట కాపడం ప్రేమతో చేసే వైద్యం, అందుకే వద్దని చెప్పడానికి మనసొప్పదు. కానీ చీము పట్టిన చెంపకు బయటినుంచి వేడి తగిలిస్తే అక్కడికి రక్తం ఎక్కువ చేరి వాపు పెరుగుతుంది. చీము ఒక్కోసారి నోట్లోకి కాక చెంప చర్మం చీల్చుకుని బయటికి దారి చేసుకుంటుంది, ఆ మచ్చ పోదు. అదే ఉప్పు గోరువెచ్చటి నీళ్ళలో కలిపి పుక్కిలిస్తే మంచిది. వాపుకు బయటినుంచి చల్లటి గుడ్డ మేలు.

షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ కూడా ఇప్పుడు బస్తీ వైద్యమే అయింది. వాచిన గుజ్జుకు రక్తం సరిగా పోదు, చచ్చిన గుజ్జుకు అసలే పోదు. మందు వెళ్ళేది రక్తంతోనే గదా, అది చేరేదెట్లా? రెండు గోలీలు మింగి ఆపేస్తే, మిగిలిన క్రిములు ఆ మందుకు అలవాటు పడటం తప్ప ఒరిగేది లేదు.

అన్నిటికంటే గట్టిగా పాతుకున్న భయం కళ్ళది. ఒక అత్తమ్మ కోడలికి తోడుగా డెంటల్ క్లినిక్‌కు వచ్చి, కుర్చీ పక్కన నిలబడి, "డాక్టరమ్మా, పై పన్ను పీకితే కండ్లు పోతయంటరు గదా, గోలీలిచ్చి పంపియ్యుండ్రి" అని బతిమాలడం విన్నాను. ఆ డాక్టరమ్మ నవ్వకుండా, విసుక్కోకుండా ఒక కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. ముఖానికి స్పర్శ తెచ్చే అయిదో కపాలనరానికి మూడు కొమ్మలు: ఒకటి నుదురు, కన్ను వైపు, రెండోది పై దవడకు, మూడోది కింది దవడకు. పై పంటి నొప్పి కంటి చుట్టూ పాకినట్టు అనిపించేది ఈ బంధుత్వం వల్ల. చూపు తెచ్చేది వేరే నరం, రెండోది. అది కంటి వెనకనుంచి నేరుగా మెదడుకు పోతుంది. పన్ను పీకే పటకారుకూ దానికీ మధ్య మొత్తం పై దవడ ఎముక ఉంది. ఈ నమ్మకం నిలబడటానికి వయసు కూడా ఒక కారణం. మన దగ్గర పళ్ళు పీకించుకోవడం జోరుగా మొదలయ్యేది నలభై దాటాక. చత్వారం వచ్చేది కూడా అప్పుడే. అద్దాలు పడిన ఏడూ, పన్ను తీసిన ఏడూ ఒకటైతే నింద పంటి మీద పడుతుంది.

ఈ భయంలోని అసలు విషాదం వేరే ఉంది. పై పంటి చీమును తీయకుండా వదిలేస్తే అది కంటిగూటికి పాకగలదు. రక్తనాళాల ద్వారా మెదడు కిందికి కూడా చేరగలదు. అరుదే, కానీ అప్పుడు చూపే కాదు, ప్రాణమే పోవచ్చు. కళ్ళు పోతాయని పన్ను తీయించుకోనివాళ్ళకే కంటికి ముప్పు ఎక్కువ.

పీకడమంటే భయపడటంలో తప్పులేదు. మత్తు లేని కాలంలో అది నిజంగా నరకమే. మత్తుమందుల చరిత్రలో హైదరాబాద్‌కు సొంత పుట ఉంది. 1888, 1889లో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నాయకత్వాన నిజాం ఖర్చుతో రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. క్లోరోఫాం మనిషిని చంపేది ఊపిరి ఆపడం వల్లనా, గుండె ఆపడం వల్లనా అని ప్రపంచమంతా వాదించుకుంటున్న రోజులవి. ఇప్పుడు పంటికి ఇచ్చే లిడోకైన్‌ను స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేశాడు. సూది పడిన కొద్ది నిమిషాలకు పన్ను లాగుతున్నట్టు తెలుస్తుంది, నొప్పి తెలియదు. పైగా అన్ని పళ్ళూ పీకనక్కర్లేదు. గుజ్జు ఒక్కటే తీసి, వేరు కాలువలు శుభ్రం చేసి పూడ్చేదే రూట్ కెనాల్.

పళ్ళు తోముకునే విషయంలో మన పాత అలవాట్లన్నీ చెడ్డవని చెప్పేవాళ్ళతో నేను ఏకీభవించను. వేపపుల్ల, మసీదుల ముందు అమ్మే మిస్వాక్ చక్కగా నమిలి కుంచెలా చేసి తోమితే పాచి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మిస్వాక్‌ను మంచిదే అన్నది. ఇటుకపొడి, పిడకబూడిద, బొగ్గు మాత్రం పింగాణిని గీకేస్తాయి. ఒకసారి అరిగిన పింగాణి మళ్ళీ పెరగదు. ఫ్లోరైడ్ అంటే తెలంగాణలో భయం ఉండటం సహజం, నల్లగొండ గోడు చూసినవాళ్ళం. బోరునీళ్ళలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌ను ఏళ్ళ తరబడి తాగితే పళ్ళకు, ఎముకలకు హాని. పేస్టులోనిది ఉమ్మేసేది, అది పింగాణిని ఆమ్లానికి తట్టుకునేలా గట్టిపరుస్తుంది. పసిపిల్లలకు బియ్యపు గింజంత చాలు.

గౌలిపుర పాలవాళ్ళ పేట. పసిపిల్లల నోట్లో పాలసీసా పెట్టి, అందులో ఒక చెంచా చక్కెర వేసి నిద్రపుచ్చడం ఇక్కడ కూడా ఉంది. వట్టి పాలు పళ్ళకు అంత శత్రువులు కావు, చక్కెర శత్రువు. నిద్రలో లాలాజలం తగ్గి, ఆ తీపి రాత్రంతా ముందు పళ్ళ మీద నిలుస్తుంది. ఊడిపోయే పాలపళ్ళే గదా అని వదిలేస్తే, వాటి వేళ్ళ కింద తయారవుతున్న అసలు పళ్ళకు చీము తగులుతుంది. గర్భిణులకు పంటివైద్యం చేయకూడదన్నది కూడా నిజం కాదు. నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య నిశ్చింతగా చేయించుకోవచ్చు, చీము మోస్తూ తొమ్మిది నెలలు గడపడమే ప్రమాదం.

రాత్రి నొప్పి లేస్తే ఉప్పునీళ్ళు పుక్కిలించి, డాక్టరు ఇదివరకు వద్దనకపోతే పారాసిటమాల్ వేసుకుని, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. నాలుక కింద, దవడ కింద గట్టిగా వాచి మింగలేకపోతున్నా, నోరు తెరవలేకపోతున్నా, ఊపిరి బిగుస్తున్నా, కన్ను మూసుకుపోయేంత వాపు వచ్చినా తెల్లారేదాకా ఆగకండి, అదే రాత్రి పెద్దాసుపత్రికి పోవాలి. షుగరు ఉన్నవాళ్ళకు ఇది గంటల్లో ముదురుతుంది. నడిస్తే, మెట్లెక్కితే ఎడమ దవడ నొస్తూ, ఆగితే తగ్గితే అది పంటిది కాకపోవచ్చు, గుండె పరీక్ష ముందు చేయించాలి.

చార్మినార్, మదీనా దాటి నయాపూల్ మీదుగా మూసీ అవతలికి పోతే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి 1959 నుంచి ఉంది. అక్కడ కూర్చున్నప్పుడు ఇంట్లో ఏమేం వేశారో, పసరో, జిల్లేడు పాలో, ఎన్ని రకాల గోలీలో దాచకుండా చెప్పండి. కాలిన చిగురును చూసి డాక్టరు వేరే జబ్బు అనుకునే ప్రమాదం ఉంది. షుగరు, బీపీ, రక్తం పలచబరిచే మందుల చీటీ కూడా వెంట తీసుకుపోండి. నొప్పి రెండు రోజుల కింద తగ్గిపోయినా సరే, తగ్గిందన్న మాట కూడా చెప్పాలి. అప్పుడు ఆయన ఆ పన్నును చిన్న పనిముట్టు వెనక భాగంతో తట్టి, చల్లటి దూది ఆనించి, తగిలిందా లేదా అని అడుగుతాడు.